ఖురూజ్ మాఫీ

పోయినవి ముందు రాస్తాను. గల్ఫ్‌లో ముషైరిబ్ అనే పేటలో మూడంతస్తుల పాత ఇల్లు ఒకటి. అందులో ఆరు వాటాలు. వీధి గుమ్మం నుంచి మా తలుపు దాకా ముప్ఫై నాలుగు మెట్లు. వెనక గోడ మీదికి వంగిన సిద్ర చెట్టు, దాని కాయలు మన రేగుపళ్ళలాగే ఉండేవి. ఎదురుగా అఫ్ఘాన్ ముసలాయన రొట్టెల కొట్టు, మూల మీద మలయాళీ చాయ్ దుకాణం. నాన్న ఉద్యోగం. పదో తరగతి తరువాత నేను చదవాల్సిన చదువు. అమ్మ కూడబెట్టుకున్న సామానంతా, ఒక్క కుట్టుమిషను తప్ప. కింది వాటాలో ఉండే ముసలి దొరగారు. ఆ తరువాత నాన్న.

ఇల్లున్న చోట ఇప్పుడు రాతిపలకలు పరిచిన చల్లటి వీధి ఉంది. దాని కింద మెట్రో వెళుతుంది. మా ఆయన ఉద్యోగం మీద నేను మళ్ళీ ఈ ఊరు వచ్చి, ఇంట్లో కూర్చుని మూడు చిన్న దుకాణాలకు పద్దులు రాస్తున్నాను. ఆ విద్య నాకెవరూ నేర్పలేదు. కాకినాడలో బట్టల కొట్లో కూర్చుని, పాత చిట్టాలు చూసి, తప్పులు చేసి దిద్దుకుని నేర్చుకున్నాను.

మొన్న ఆ వీధిలోనే ఒక ఫోన్ కంపెనీ ఆఫీసుకు వెళ్ళాను. టోకెన్లు ఇచ్చే మిషను పాడైంది. గుమ్మం దగ్గర గార్డు చెయ్యి ఊపుతూ, "టోకెన్ మాఫీ, టోకెన్ మాఫీ" అంటున్నాడు. నా వెనక కొత్తగా వచ్చిన కుర్రాడొకడు ఫోనులో ఎవరికో చెబుతున్నాడు. "టోకెన్ మాఫీ అంటున్నడన్నా. అక్కర్లేదట. ఊకెనే పోవచ్చట."

నేను వెనక్కి తిరిగి, "లేదు బాబూ. ఇక్కడ మాఫీ అంటే లేదు అని" అన్నాను.

"మా దిక్కు మాఫీ అంటే ఇడిసిపెట్టుడు గదమ్మా" అన్నాడు.

తెలుసు. ముప్ఫై ఏళ్ళ కిందటే తెలుసు. పని చేయించుకోకుండానే బయటికొచ్చి, రాతి అరుగు మీద చాలాసేపు కూర్చున్నాను.

అప్పుడు నాకు పన్నెండేళ్ళు. నాన్న ఒక కట్టడాల కంపెనీలో ఆఫీసు వ్యవహారాలు చూసేవాడు. పనివాళ్ళ పాస్‌పోర్టులు ఆయన బీరువాలోనే ఉండేవి. ఆ రోజుల్లో ఈ దేశం దాటి ఎవరు వెళ్ళాలన్నా కంపెనీ వాళ్ళు సంతకం చేసిన కాగితం ఒకటి కావాలి. దాన్ని ఖురూజ్ అనేవారు. కంపెనీ తరఫున ఆ సంతకం పెట్టే అధికారం యజమాని నాన్నకిచ్చాడు. అమ్మ దాన్ని గొప్పగా చెప్పుకునేది. "మా ఆయన సంతకం లేనిదే విమానం ఎక్కనివ్వరు" అని పక్కవాటా హైదరాబాద్ బేగంగారితో అంటుంటే, ఆవిడ, "అయితే మా ఆయన్ని ఎక్కకుండా ఆపించండి, మళ్ళీ చెల్లెలి పెళ్ళంటూ పోతుండు" అనేది.

ఆ ఇంటి వాసనలు ఇప్పటికీ గుర్తే. పొద్దున్నే రొట్టెల కొట్టు పొగ. మధ్యాహ్నం అమ్మ ఎండుమిరపకాయలు వేయిస్తే మెట్ల మీద దగ్గులు. సాయంత్రం చాయ్ దుకాణంలో యాలకులు మరిగే వాసన. ఏసీల నుంచి కారే నీళ్ళు పట్టి తమ్ముడూ నేనూ డబ్బాల్లో మెంతులు మొలిపించేవాళ్ళం. ఎక్కడివని అడిగితే చెప్పకుండా అమ్మచేత పప్పులో వేయించేవాళ్ళం.

సిద్ర కాయల కోసం గోడెక్కాలంటే కింది వాటా కిటికీ ముందు నుంచి వెళ్ళాలి. అక్కడుండేవాడు ముసలి దొరగారు. యూరప్‌లో ఏదో చిన్న దేశం వాడు. ఆయన కూతురు ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. ఎనభై దాటిన తండ్రిని ఒంటరిగా వదల్లేక తెచ్చుకుంది. మేం ఆయన్ని కింది తాత అనేవాళ్ళం. నారింజ తొక్కలు కిటికీ అంచున ఎండబెట్టేవాడు. మేం గోడెక్కుతుంటే చూడనట్టు పేపరు అడ్డం పెట్టుకునేవాడు. దిగేటప్పుడు మాత్రం పేపరు వెనక నుంచి చెయ్యి చాపేవాడు, తన వాటా కోసం. కాయలు లెక్కపెట్టి మూడో వంతు ఇచ్చేదాన్ని. ఒకసారి తక్కువ ఇస్తే చెయ్యి అలాగే ఉంచాడు.

ఆయనకు కోపం వచ్చింది ఒక్కసారే. మేం ఆసుపత్రి ఆట ఆడుతున్నాం. పంచదార అట్టపెట్టె చించి ముక్కలు చేసి, వాటి మీద నంబర్లు వేసి, మెట్ల మీద కూర్చున్న పిల్లలందరికీ టోకెన్లు పంచాను. ఆయన బయటి నుంచి వస్తుంటే ఆయనకూ ఒకటి చాపాను. ఆయన అట్టముక్క చూశాడు. చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"నాకు నంబరు ఇవ్వకు" అన్నాడు ఇంగ్లీషులో, గట్టిగా. తలుపు వేసుకున్నాడు. రెండు రోజులు పేపరు వెనక నుంచి చెయ్యి రాలేదు.

ఆ ఏడాది నాన్న కంపెనీలో జీతాలు ఆగాయి. ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపులో అరవై నలుగురు పనివాళ్ళున్నారు. అందరూ జగిత్యాల, సిరిసిల్ల వైపు వాళ్ళు. వచ్చి ఎన్నో నెలలు కాలేదు. క్యాంపులో తెలుగు, సైటులో తెలుగు. అరబ్బీ వాళ్ళ చెవిన పడింది తక్కువ. వాళ్ళకు పెద్ద ఒక వడ్రంగి మేస్త్రీ, యాభై ఏళ్ళ మనిషి. జీతాలు రాకపోతే ఇంటికి పంపెయ్యమని అడిగారు. గడువుకు ముందే పోతే వీసా ఖర్చు దండుగ కట్టాలంది కంపెనీ. ఆ దండుగ మాఫీ చెయ్యమని మేస్త్రీ నాన్న ద్వారా అర్జీ పెట్టించాడు.

యజమాని ఊళ్ళో లేడు. మేనేజరు నాన్నను పిలిచి, పని పూర్తయ్యేదాకా ఒక్కడూ కదలడానికి లేదనీ, ఎవరికీ సంతకం పెట్టొద్దనీ చెప్పాడు. ఆ కబురు క్యాంపుకు మోసింది బస్సు డ్రైవరు, ఎక్కడో కొండల వైపు వాడు. వాడికి వచ్చిన ముక్కల్లో మేస్త్రీకి చెప్పాడు. "ముదీర్ బోలా, ఖురూజ్ మాఫీ." ముదీర్ అంటే మేనేజరు.

శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాయి. మెట్ల మీద చెప్పుల చప్పుడు. అమ్మ తలుపు తీస్తే మేస్త్రీ నిలబడి ఉన్నాడు, చేతిలో హల్వా డబ్బా. ఆయన వెనక మెట్టు మెట్టుకూ మనుషులు. ఇస్త్రీ చొక్కాలు, తలకు నూనె. కిందికి చూస్తే వరస గుమ్మం దాటి రొట్టెల కొట్టు దాకా ఉంది.

"సారు దయ" అన్నాడు మేస్త్రీ. "దండుగ మాఫీ అయింది గద. సారు నోరు తీపి చేసి పోదామని వచ్చినం."

నాన్న చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఎవరు చెప్పారు?"

"డ్రైవరు చెప్పిండు. ఖురూజ్ మాఫీ అన్నడట పెద్దసారు."

నాన్న నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. మేస్త్రీని లోపలికి రమ్మని తలుపు దగ్గరగా వేశాడు. చిన్న గొంతుతో అర్థం చెప్పాడు. ఇక్కడ మాఫీ అంటే లేదు అని. ఖురూజ్ లేదని.

మేస్త్రీ హల్వా డబ్బా బల్ల మీద పెట్టాడు, మళ్ళీ తీశాడు, మళ్ళీ పెట్టాడు.

"మా ఊళ్ళె మాఫీ అంటే..."

"తెలుసయ్యా."

"గిప్పుడు గా మాట నేనెట్ల చెప్పాలె సారూ? డబ్బాలకు తాళ్ళు గూడ కట్టిండ్రు. ఊళ్ళకు ఫోన్లు చేసిండ్రు. టికెట్లకు ఇంటోళ్ళు పుస్తెలు కుదువ పెట్టిండ్రు."

అమ్మ నీళ్ళిస్తే మేస్త్రీ తాగి, తువ్వాలుతో మూతి తుడుచుకుని తలుపు తీశాడు. అందరికీ వినపడేలా అన్నాడు.

"రేపు ఆఫీసుకు రమ్మంటున్నడు సారు. వరుసల నిలవడాలె, లొల్లి చెయ్యద్దు."

రమ్మని నాన్న అననే లేదు. మెట్ల మీద వాళ్ళందరూ ఒక్కొక్కరే ఆయనకు దండం పెట్టి దిగారు. తమ్ముడు హల్వా తినడం మొదలుపెట్టాడు. అమ్మ డబ్బా లాక్కుని మూత పెట్టేసింది.

నేను వాళ్ళ వెనకే దిగాను. కింది తాత గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ముఖంలో నెత్తురు లేదు.

"ఈ మనుషులు దేనికోసం నిలబడ్డారు?" అన్నాడు.

నాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. మాఫీ సంగతి చెబుతూ నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. మీ నాన్న దగ్గరే ఉందా ఆ సంతకం, అని రెండుసార్లు అడిగాడు.

సాయంత్రం నమాజు పిలుపు అయ్యాక ముప్ఫై నాలుగు మెట్లూ ఎక్కి మా ఇంటికొచ్చాడు. అంతకుముందు ఎప్పుడూ రాలేదు. అమ్మ కాఫీ ఇచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది. ఆయన చెప్పింది నేను తెలుగులో అమ్మకు చెబుతూ వచ్చాను.

యుద్ధం రోజుల్లో ఆయన తన దేశం తరఫున ఒక రేవు పట్నంలో కాన్సలేటు నడిపేవాడు. చిన్న ఉద్యోగం, రెండు గదుల ఆఫీసు. ఒక పొద్దున తలుపు తీస్తే మెట్ల నిండా యూదులు. నాజీ సైన్యం వెనకాలే వస్తోంది. వీసా ఉంటే ఓడ ఎక్కవచ్చు. ఆయన ప్రభుత్వం మాత్రం యూదులకు ఇవ్వొద్దని తంతి పంపింది.

"యూదులంటే ఎవరే?" అంది అమ్మ నాతో. నాన్నే జవాబు చెప్పాడు. "వాళ్ళ మతం వాళ్ళది. ఆ యుద్ధంలో వాళ్ళని వెతికి వెతికి చంపారు, పసిపిల్లలతో సహా."

తోపులాట లేకుండా ఉండాలని ఆయన పంచదార అట్టపెట్టె చించి నంబర్లు రాసి పంచాడట. అది విని నేను కిందికి చూశాను. కూర్చుని వీసాలు రాశాడట, వేళ్ళు ముడుచుకుపోయేదాకా.

"ఎంతమందిని కాపాడారండీ?" అన్నాడు నాన్న.

"ఆ లెక్క వేరేవాళ్ళు వేశారు, నేను వెయ్యలేదు. ఒక్కో కాగితం మీద ఒక కుటుంబం. నాకు తెలిసింది ఇంకో లెక్క." ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వు లెక్కలు బాగా చేస్తావుగా. నేనిచ్చిన చివరి నంబరు నాలుగు వందల పన్నెండు. సంతకం చేసిన చివరి నంబరు మూడు వందల డెబ్భై అయిదు."

"ముప్ఫై ఏడు" అన్నాను.

"ముప్ఫై ఏడు. కొత్త అధికారి రైల్లో వచ్చి నా ముద్ర తీసుకున్నాడు. తలుపుకు తాళం వేశాడు. ఆ ఇంటికి ఒకటే మెట్లదారి. వాళ్ళ మధ్య నుంచే నేను దిగాలి. నేను బయటికి రాగానే మొదటి మెట్టు మీదున్న ముసలావిడ లేచి తన అట్టముక్క చాపింది. తరువాతి నంబరు పిలవడానికి వచ్చాననుకుంది."

అమ్మ నన్ను తట్టి, "ఆయనకు అప్పటికి పెళ్ళి కాలేదా? ఇంట్లోవాళ్ళని అడక్కుండానే చేశాడా?" అంది. నేను అడిగాను.

"అయింది. ఆమెను అడిగాను. లేచి వెళ్ళి ఇంకు సీసాలో కాసిని నీళ్ళు కలిపింది. ఇంకు అయిపోవస్తోంది."

ఉద్యోగం పోయింది. ఆ తరువాత ఆయన ఇల్లిల్లూ తిరిగి కుట్టుమిషన్లు అమ్మాడట. ముసలితనంలో ఆయన ప్రభుత్వం, నిన్ను క్షమించాం, అని కబురు చేసిందట. పెన్షను మాత్రం ఇవ్వలేదు.

"క్షమించడాన్ని మా వైపు మాఫీ అంటారండి" అన్నాడు నాన్న.

"మాఫీ? ఇక్కడ మాఫీ అంటే లేదు అని కదా?" ఆయన ఆలోచించి, మొదటిసారి నవ్వాడు, దగ్గు వచ్చేదాకా. "అయితే రెండూ సరిపోయాయి నాకు."

లేస్తూ నాన్నతో అన్నాడు. "చెయ్యమని చెప్పడానికి రాలేదు. చేసినా మీ కింద మెట్ల మీద కొంతమంది మిగులుతారు. అది ముందే తెలిస్తే మంచిదని వచ్చాను."

ఆయన వెళ్ళాక అమ్మ గ్లాసులు తీసింది. "మనకూ ఖురూజ్ ఆ కంపెనీయే కదండీ ఇవ్వాలి. మీరు వాళ్ళందరికీ పెట్టేస్తే, మనకెవరు పెడతారు సంతకం?"

"ఎవరూ పెట్టరు" అన్నాడు నాన్న.

"పిల్లల బడి?"

ఆ రాత్రి ఇద్దరూ మాట్లాడుకున్నారేమో నాకు తెలియదు. పొద్దున నాన్న చెప్పులు వేసుకుంటుంటే, అమ్మ టిఫిన్ సంచీలో పెరుగన్నం డబ్బా పెట్టి, నా పెట్టెలోంచి నా పెన్నులు రెండు తీసి అందులో వేసింది.

"ఒకటి ఆగిపోతే ఇంకోటి ఉంటుంది" అంది.

నాన్న ఆ సంచీ పట్టుకుని అమ్మను చూశాడు. అమ్మ అప్పటికే రోట్లో అల్లం దంచుతోంది, కావలసినదానికన్నా గట్టిగా.

శనివారం, ఆదివారం నాన్న సంతకాలు పెట్టాడు. ఒక్కొక్కరి పాస్‌పోర్టు వాళ్ళ చేతికిచ్చి, కాగితాలు తనే జవాజాత్ అనే సర్కారు పాస్‌పోర్టు ఆఫీసుకు పట్టుకెళ్ళి ముద్రలు వేయించాడు. సోమవారం మేనేజరుకు తెలిసింది. బీరువా తాళాలు తీసుకున్నారు. నాన్న సంతకం చెల్లదని జవాజాత్‌కు రాశారు. అప్పటికి నలభై ఒక్కరివి పూర్తయ్యాయి. ఆ నలభై ఒక్కరూ ఆ వారంలోనే విమానాలు ఎక్కేశారు.

మేస్త్రీ అందరికన్నా వెనక నిలబడ్డాడట. ముందుకు రమ్మని నాన్న పిలిచాడట. "మాట తప్పు మోసినోణ్ణి నేను. నాది చివరికే చెయ్యి సారూ" అన్నాడట.

మా వంతు ఖురూజ్‌కు ఏడు నెలలు పట్టింది. నాన్న ఇంట్లోనే ఉండేవాడు. బడి ఫీజు కట్టలేదు కాబట్టి మేమూ ఇంట్లోనే. ఫ్రిజ్ పోయింది, మంచాలు పోయాయి, అమ్మ గాజులు పోయాయి. బేగంగారు రోజూ ఏదో ఒక కూర పంపేది. గిన్నె తిరిగిచ్చేటప్పుడు ఖాళీగా ఇవ్వాల్సి వస్తోందని అమ్మ ఏడ్చేది. కింది తాత కూతురు రొట్టె, వెన్న పెట్టిపోయేది. తాత మాత్రం పేపరు అడ్డం పెట్టుకుని చెయ్యి చాపేవాడు. మాకు పెట్టడానికి ఉన్నవి ఆ సిద్ర కాయలే. ఆయన తన వాటా తీసుకోవడం మానలేదు.

యజమాని విసిగిపోయి సంతకం పెట్టిన వారమే బయలుదేరాం. దిగి వెళుతుంటే తాత గుమ్మంలో ఉన్నాడు.

"మీకెంతమంది మిగిలారు?" అన్నాడు నాన్నతో.

"ఇరవై ముగ్గురు."

"అదృష్టవంతులు. ముఖాలు గుర్తుపెట్టుకునేటంత చిన్న లెక్క." తరువాత నా వైపు వంగాడు. "నేను ఈ మధ్య మరిచిపోతున్నాను. నా లెక్క ఎంతో చెప్పు?"

"ముప్ఫై ఏడు."

"నీ దగ్గర ఉంచు" అన్నాడు.

అది ఎంత బరువో అప్పుడు నాకు తెలియదు. సరేనన్నాను. మరుసటి చలికాలంలో ఆయన పోయాడని బేగంగారు కబురు చేసింది.

కాకినాడలో నాన్నకు మళ్ళీ అంత ఉద్యోగం దొరకలేదు. ఒక బియ్యం మిల్లులో గుమాస్తాగా చేరాడు. గల్ఫ్ నుంచి ఎవరొచ్చినా వెళ్ళి ఆ ఇరవై ముగ్గురి గురించి అడిగేవాడు. ఫలానా పెద్దాయన తమ్ముడు వచ్చాడట, ఫలానా కుర్రాడు వేరే కంపెనీకి మారి ఊరొచ్చి పెళ్ళి చేసుకున్నాడట. ఆ రోజు అన్నం తింటూ, ఎవరూ అడగకుండానే, "పంతొమ్మిది" అనేవాడు. "పదకొండు." "నాలుగు." మేం వింటూ తినేవాళ్ళం. అమ్మ ఆ పూట ఇంకాస్త నెయ్యి వేసేది. ఒక సంవత్సరం "ఒకటి" అన్నాడు. ఆ తరువాత ఆయన బతికినన్నాళ్ళూ ఆ అంకె మారలేదు.

ఆ ఒకటి మేస్త్రీ. నేను ఈ ఊరు తిరిగొచ్చిన దగ్గర్నుంచి శుక్రవారాలు ఇండస్ట్రియల్ ఏరియాలో జగిత్యాల వాళ్ళు కూడే చోటికి వెళ్ళి అడుగుతూనే ఉన్నాను. కొందరు క్యాంపు విడిచి పారిపోయాడన్నారు. కొందరు ఎడారి అవతల షేకుల దగ్గర ఒంటెల కొట్టాలకు తలుపులు చేశాడన్నారు. ఒక ముసలాయన మాత్రం, "ఆ పెద్దమనిషి ఇంటామె ఇంక బొట్టు తియ్యలేదమ్మా" అన్నాడు.

మొన్న ఆ అరుగు మీద కూర్చున్నప్పుడు లెక్క మళ్ళీ వేసుకున్నాను. నాన్న లేడు కాబట్టి ఆయన ఒకటీ నా దగ్గరికే వచ్చింది. ముప్ఫై ఏడు ముందే ఉంది. ఆ కుర్రాడు పని కాకుండానే బయటికొచ్చి, "రేపు రావాల్నట" అని నాకు చెప్పి వెళ్ళిపోయాడు.

ముప్ఫై ఎనిమిది.